రంగు కింద కర్ర

మా ఇంట్లో సాయంత్రం పొయ్యి వెలగాలంటే నాన్న నిచ్చెన దిగాలి.

ఇది అమ్మ పెట్టిన రూలు. నాన్న ఇళ్ళకు రంగులు వేస్తాడు. పని ముగించి నేలమీద కాలు పెట్టగానే ఫోన్ చేసి "దిగాను" అని చెప్పాలి. ఆ ఒక్క మాట చెవిన పడేదాకా అమ్మ తుడిచిన గట్టునే తుడుస్తుంది, సర్దిన గిన్నెలే సర్దుతుంది, తరిగిన కూరగాయలు పక్కన పెట్టి కిటికీకీ గుమ్మానికీ మధ్య తిరుగుతుంది. ఫోన్ మోగాకే పొయ్యి దగ్గరికి పోతుంది. నాన్న మరిచిపోయిన రోజున ఆయన ఇంటికొచ్చి చీవాట్లు తింటేగానీ మాకు తిండి దొరకదు.

కాలు ఒకచోట నిలవని గుణం నాకు అమ్మ నుంచే వచ్చింది. ఇంట్లో నన్ను కాలుగాలిన పిల్లి అంటారు. తిరుగుతూ తింటాను, నడుస్తూ చదువుతాను, కూర్చుంటే మోకాలు ఊపుతాను. అలాంటిదాన్ని యూనివర్సిటీలో ఏం చదువుతున్నానయ్యా అంటే, కలప శాస్త్రం. చెట్టు ఎదగడానికి ఒక తరం, కోసిన కర్ర ఆరడానికి నెలలు పట్టే చదువు. తొందరపడితే కర్ర మెలి తిరుగుతుంది, ఓపిక పడితే నేను మెలి తిరుగుతాను.

మా బాబాయి దీన్ని కట్టెల చదువు అంటాడు. "కట్టెలు కొట్టడానికి కాలేజీ ఎందుకే? ఓ గొడ్డలి కొనిస్తే పోయేదిగా!" అని నలుగురూ చేరిన చోటల్లా అంటాడు, ఆ నలుగురూ నవ్వుతారు. మొదట్లో నేను ఓపిగ్గా వివరించేదాన్ని. ప్లైవుడ్ ఫ్యాక్టరీలో జిగురు పట్టిందో లేదో చూసేవాళ్ళు, కాగితం మిల్లులో గుజ్జు చూసేవాళ్ళు, తలుపుల కంపెనీలో కర్ర ఎంత ఆరిందో తేల్చేవాళ్ళు ఎక్కణ్ణుంచి ఊడిపడతారనుకున్నావు బాబాయ్ అని. ఇప్పుడు మానేశాను. నువ్వు కూర్చున్న కుర్చీ ఇంకా విరగలేదంటే మావాళ్ళ చలవే అని ఊరుకుంటున్నాను. బాబాయి కాస్త భారీ మనిషి.

నాన్న మాత్రం ఎప్పుడూ నవ్వలేదు. "నేను కర్రకి రంగు పూస్తాను, నా కూతురు కర్ర లోపలేముందో చూస్తుంది" అని పనికెళ్ళిన ఇళ్ళల్లో గొప్పగా చెప్పుకునేవాడు. ఆ మాట దగ్గరే మా ఇద్దరికీ చెడుతుందని అప్పటికి తెలియదు.

చివరి సంవత్సరంలో కర్ర బలాన్ని పరీక్షించే పాఠాలు మొదలయ్యాయి. చెప్పేది ముక్కు మాస్టారు. ఏ చెక్కముక్క చేతికిచ్చినా ముందు వాసన చూసి, ఆ తర్వాతే భూతద్దం తీస్తారని సీనియర్లు ఆయనకు ఆ పేరు పెట్టారు. ఆ రోజు మనిషి బరువు మోసే సామాను గురించి చెబుతూ, బోర్డు తుడుస్తూ, చాలా మామూలుగా ఒక మాట అన్నారు.

"చెక్క నిచ్చెనకి రంగు వెయ్యకూడదు. కావాలంటే కర్ర కనపడేలా నూనె రాసుకోవచ్చు. రంగేస్తే కింద పగులొచ్చినా తెలీదు. నీళ్ళు ఏ సందులోంచో లోపలికి పోతాయి, బయటికి రావు. లోపల పుచ్చిపోతూ ఉంటుంది, పైకి మాత్రం కొత్త పెళ్ళికూతురే."

క్లాసంతా నవ్వింది. నా మోకాలు ఊగడం ఆగిపోయింది.

ఎందుకంటే మా నాన్న నిచ్చెనకున్నన్ని రంగులు ఇంకే నిచ్చెనకూ ఉండవు. ఒక ఇంటి పని పూర్తికాగానే డబ్బా అడుగున మిగిలిన రంగుతో ఆయన తన నిచ్చెనకు ఒక పూత వేస్తాడు. ఆయనకు పని నేర్పిన గురువు దగ్గర అబ్బిన అలవాటు. డాక్టరుగారి ఇంటి నీలం, దానిమీద బడిగోడల పసుపు, దానిమీద ఎవరో కొత్త జంట గదికి వేసిన గులాబి. "ఇవే నా సర్టిఫికెట్లు" అంటాడు. అమ్మ ఈ ఇంటికి రాకముందు నుంచీ ఉన్న నిచ్చెన అది. పూతమీద పూత పడి మెట్ల అంచులు గుండ్రంగా తేలాయి. పని లేని రోజుల్లో దాన్ని వెనక గోడకు నిలబెడతాడు, సరిగ్గా బట్టలుతికే కుళాయి పక్కన.

ఆ సాయంత్రం ఫోన్ వచ్చి, పొయ్యి వెలిగి, నాన్న ఇంటికొచ్చి చెప్పులు విడిచేలోపే నేను మాస్టారి మాట అప్పజెప్పేశాను. నెమ్మదిగా చెప్పడం నాకు చేతకాదు.

"నా నిచ్చెనకి రోగమొచ్చిందని చెప్పడానికి నువ్వెవరే?" అన్నాడు నాన్న.

"దాని డాక్టర్ని."

"ఇంకా పాస్ కాలేదుగా." అంటూ నన్ను వెనక్కి లాక్కెళ్ళి, నిచ్చెన రెండో మెట్టెక్కి కుప్పిగంతులేశాడు. నిచ్చెన చెక్కుచెదరలేదు. గంతులకు కుళాయి దగ్గరి బకెట్టు మాత్రం ఒరిగిపోయింది. "ఏమండీ, దిగండి ముందు!" అని అమ్మ కేకలు పెట్టింది.

"చూశావా? ఇనుం!" అన్నాడు నాన్న ఆయాసపడుతూ.

"ఇప్పటికి ఆగిందంటే గట్టిదని కాదు నాన్నా, ఇంకా విరగలేదని. మా ల్యాబులో మిషనుంది, పెట్టి చూద్దాం."

"చూసి?"

"ఎంత బరువుకి విరుగుతుందో తెలుస్తుంది."

"విరిగాక?"

"ఎంత గట్టిదో తెలుస్తుంది."

నాన్న అమ్మవైపు తిరిగాడు. "విన్నావా? వీళ్ళ కాలేజీలో చచ్చాక నాడి చూస్తారట."

అమ్మ నవ్వలేదు. ఒరిగిన బకెట్టు సరిచేసి లోపలికి వెళ్ళిపోయింది.

మాస్టారినడిగి తేమ కొలిచే మీటరు ఇంటికి తెచ్చాను. రెండు సూదులు గుచ్చితే కర్రలో నీరెంతుందో ముల్లు చెబుతుంది. నిచ్చెనకు అటూఇటూ ఉన్న రెండు నిలువు కర్రల్లో ఎడమదాని మీద ముల్లు మధ్యలో బుద్ధిగా నిలబడింది. కుడిదాని మీద, కింద రెండో మెట్టు దగ్గర, చివరిదాకా పోయి కొట్టుకుంది. మర్నాడు పరుగున వెళ్ళి చెబితే మాస్టారు నా ఉత్సాహం మీద నీళ్ళు చల్లారు.

"పాత రంగుల్లో లోహముంటుందమ్మా. మీటరు చెప్పింది రంగు సంగతో కర్ర సంగతో నేను చెప్పలేను. రంగు తీసి చూడు."

సెలవు రోజున రంగు గీకే రేకు పట్టుకుని వెనక గోడ దగ్గర కూర్చున్నాను. కుడి కర్ర మీద, రెండో మెట్టుకు కాస్త పైనుంచి గీకుతూ వస్తుంటే పచ్చ కింద గులాబి, గులాబి కింద పసుపు, చెక్కు చెక్కుగా ఊడి ఒళ్ళో పడ్డాయి. అరచేతి మేర కర్ర కనపడిందో లేదో వెనకాల నాన్న నిలబడి ఉన్నాడు. కనపడినంత మేరా కర్ర శుభ్రంగానే ఉంది. అది ఆయన కూడా చూశాడు. ఒక్క మాటన్నా తిట్టలేదు. రేకు నా చేతిలోంచి తీసుకుని, తుడిచి, తన సంచిలో పెట్టుకున్నాడు. సాయంత్రానికి ఆ అరచేతి మేరా కొత్త పచ్చరంగు పడింది.

ఆ రోజు నుంచి నాన్న నాతో నేరుగా మాట్లాడటం మానేశాడు. "మీ అమ్మాయిని ఉప్పు అందుకోమను" అని అమ్మతో అనేవాడు. ఉప్పు నా ముందే ఉండేది.

అప్పుడే మా డిపార్టుమెంటుకు కంపెనీలవాళ్ళు రావడం మొదలైంది. నా క్లాసువాళ్ళు చొక్కాలు ఇస్త్రీ చేయించుకుని, ఒకడు కాగితం మిల్లుకూ ఒకామె ప్లైవుడ్ కంపెనీకీ ఎంపికై స్వీట్లు పంచుతున్నారు. నేను ముళ్ళమీద ఉన్నట్టుగా ఉన్నాను. కలప నాణ్యత చూసే సంస్థ నుంచి ఒక పెద్దావిడ వచ్చి నన్ను పిలిచారు. చాలా అడిగారు, చాలా చెప్పాను. చివరికి కళ్ళజోడు తీసి ఇలా అన్నారు.

"ఒక కర్ర మీద నీకు అనుమానం వచ్చింది. రుజువు లేదు. దాని సొంతదారు గట్టిదే పొమ్మంటున్నాడు. ఏం చేస్తావు?"

"పక్కన పెట్టిస్తానండీ."

"ఒప్పుకోకపోతే?"

"ఆయన మా నాన్న కాకపోతే పెట్టించేదాన్నే" అని ఎలా చెప్పను? కుర్చీ కింద నా మోకాలు ఒకటే ఊగుతోంది. ఆమె కాసేపు చూసి ఏదో రాసుకున్నారు. ఆ ఉద్యోగం మీద అప్పుడే ఆశ వదిలేసుకుని బయటికొచ్చాను.

ఇంటికెళ్ళేసరికి నాన్న కొత్త పని కుదిరిన సంబరంలో ఉన్నాడు. మూడంతస్తుల ఇంటి లోపలి మెట్లగది. కింద నుంచి పైకప్పు దాకా ఒకటే గోడ, నిచ్చెన వెయ్యాల్సింది రాతిమెట్ల మీద. వచ్చే వారం మొదట్లో ఆరంభం. అమ్మ వడ్డిస్తూ వడ్డిస్తూ గరిట పట్టుకునే నిలబడిపోయింది.

మర్నాడు నాన్న రంగులు కొనడానికి వెళ్ళగానే అమ్మ నా గదిలోకొచ్చింది. "పక్కింటి ప్లంబరు వ్యాను తెస్తానన్నాడు. తీసుకెళ్ళిపో."

"నాన్న?"

"నేను చెప్పుకుంటా. ఇన్నేళ్ళుగా సాయంత్రమయ్యేసరికి నాకు కాలు నిలవదే. నువ్వు చెప్పినప్పట్నించీ పొద్దున్నే మొదలవుతోంది. అదేదో తేల్చెయ్."

నేనూ అమ్మా చెరో పక్కా పట్టుకుని నిచ్చెనను వ్యానెక్కించాం. అమ్మ అంత బరువు అంత వేగంగా మోయగలదని నాకు అప్పటిదాకా తెలియదు.

మాస్టారు నిచ్చెన చుట్టూ ఒకసారి తిరిగి, వంగి వాసన చూసి, రంగు వాసన తప్ప ఏమీ తగలక మూతి ముడిచారు. "రంగు కరిగించే మందు రాసి ఒక పూట వదిలెయ్. ఊడదీశాక కళ్ళతో చూద్దాం, దబ్బనం గుచ్చి చూద్దాం. మిషను సంగతి ఆ తర్వాత" అని చెప్పి క్లాసుకు వెళ్ళారు.

ఒక పూట! నాన్న ఈ పాటికి ఇంటికొచ్చి ఉంటాడు. గోడ దగ్గర ఖాళీ చూసి ఉంటాడు. మందు డబ్బా మూత తీశాను, మళ్ళీ పెట్టాను. కిటికీ దాకా వెళ్ళాను, వచ్చాను. ఇక నావల్ల కాలేదు. రంపం తీసుకుని మెట్లు ఒక్కొక్కటే కోసేశాను. పొట్టు నీలంగా, పసుపుగా రాలింది. మొదటి మెట్టు తెగినప్పుడు ఏడుపొచ్చింది, కానీ చెయ్యి ఆగలేదు. రెండు నిలువు కర్రలూ విడిపోయాయి. వాటి కింది సగాలు మిషనుకు సరిపడా కోసి, ముందు ఎడమదాన్ని ఎక్కించాను.

మిషను పని సులువే. రెండు దిమ్మల మీద కర్ర, నడుమ మీద నెమ్మదిగా దిగే ఇనుప మొద్దు, పక్కన తెరమీద పెరిగే అంకె. కర్ర వంగింది. అంకె నాన్న బరువు దాటింది. నాన్నా, రంగు డబ్బాలూ, బాబాయీ కలిసి ఎక్కినంత బరువు దాటింది. ఇంకా పెరుగుతూనే ఉంది. కర్ర మూలిగింది, చిటపటలాడింది, చివరికి ఫెళ్ళుమని పొడుగాటి చీలికలతో, నార నారగా విరిగింది. మంచి కర్ర విరిగే తీరు అదే. అలాంటి విరుపును మాకు బొమ్మల్లో చూపిస్తారు.

ఆ చప్పుడుకు మాస్టారు పరుగున వచ్చారు. ఆయన వెనకాలే, అమ్మ చెప్పగానే బయల్దేరాడేమో, నాన్న.

నాన్న నా వంక చూడలేదు. నేలమీద వరసగా పడున్న మెట్లను చూశాడు. మిషను మీది కర్రను చూశాడు. చీలికల మీద చెయ్యి వేశాడు.

"గట్టిదేనా?" అన్నాడు మాస్టారితో.

"చాలా గట్టిదండీ. ఇంత మంచి కర్ర ఈ మధ్య నేను చూళ్ళేదు." మాస్టారు తెరమీది అంకె చూసి, నన్ను చూసి, తల అడ్డంగా ఊపారు.

భూమి చీలి నన్ను మింగేస్తే బాగుండుననిపించింది. సిగ్గు, దానికింద కోపం, దానికింద నాన్న మీద జాలి. నేను గెలవాలని కోరుకున్నానా, ఓడాలని కోరుకున్నానా అంటే రెండూ కోరుకున్నాను.

"నాన్నా, క్షమించు. రెండోది ఉంచేద్దాం. దాంతో ఏదైనా..."

"ఏదైనా ఏంటి? ఒంటికర్రతో నిచ్చెన చేస్తావా?" చాలా రోజుల తర్వాత ఆయన నాతో నేరుగా అన్న మాట అదే. "రెండోది కూడా పెట్టు. నా కళ్ళముందు పెట్టు. సగం మాట నాకొద్దు. రెండూ గట్టివేనని నీ నోటితో చెప్పాలి, అది వినే ఇక్కణ్ణుంచి కదుల్తా."

"కాస్త ఆగండి, రంగు ఊడదీశాక..." అని మాస్టారు ఏదో చెప్పబోయారు.

"పెట్టమనండి సార్."

ఆయన కోపంలో కూడా నా తొందరే ఉంది. నాకిది అమ్మ నుంచి మాత్రమే వచ్చిందనుకున్నాను ఇన్నాళ్ళూ.

కుడి కర్రను దిమ్మల మీద సరిచేస్తున్నంతసేపూ నాన్న బల్లమీదున్న భూతద్దం తీసి, కోసిన మెట్టు అంచులో రంగుపొరలు చూస్తూ కూర్చున్నాడు. కాసేపటికి ఆయన గొంతు మెత్తబడింది. "ఇది బడి పసుపు. ఇది డాక్టరుగారిది. అరే, ఈ తెలుపు... నువ్వు పుట్టినప్పుడు ఆసుపత్రి వరండాకి వేశాను. కింద నేను రంగేస్తుంటే పైన నువ్వు ఏడుస్తున్నావు." భూతద్దం నాకు అందించబోయాడు. నా చేతులు ఖాళీగా లేవని చూసి మళ్ళీ బల్లమీద పెట్టేశాడు.

మిషను మొదలుపెట్టాను. ఇనుప మొద్దు దిగింది, కర్రను తాకింది. అంకె పెరగడం మొదలైంది. ఈసారి మూలుగు లేదు, చిటపటల్లేవు. తెరమీది అంకె ఇంకా నాన్న బరువు దగ్గరికి కూడా రాకముందే పటుక్కుమని ఒక చిన్న చప్పుడు. కర్ర రెండు ముక్కలై దిమ్మలకు అటూఇటూ వాలింది.

కింద రెండో మెట్టు దూరే రంధ్రం దగ్గర, కత్తితో కోసినట్టు పొట్టిగా విరిగింది. ఒక్క చీలిక కూడా లేదు. పైన పచ్చరంగు నిగనిగలాడుతోంది. నేను గీకిన చోటుకు జానెడు కిందే.

మాస్టారు వంగి వాసన చూసి, పక్కకు తప్పుకున్నారు. నాన్న వచ్చి విరిగిన చోట బొటనవేలితో నొక్కాడు. వేలు లోపలికి దిగిపోయింది. తీస్తే గోరు నిండా గోధుమరంగు పొడి, తడితడిగా.

"మొన్న దీనిమీదేగా నేను గంతులేసింది" అన్నాడు.

"అవును నాన్నా."

"ఆగిందిగా మరి?"

"ఆ పూటకి ఆగింది."

ఆయన నెమ్మదిగా కుర్చీలో కూర్చున్నాడు. ఆ వేలినే చూసుకుంటున్నాడు. రాతిమెట్లు గుర్తొచ్చాయేమో, ఒకసారి కళ్ళు మూసుకుని తెరిచాడు. నేను ఆయన పక్కన నేలమీద కూలబడ్డాను. నాకు గెలిచినట్టు లేదు. భయం మాత్రం అప్పుడే వచ్చింది, ఇన్ని రోజులూ పడ్డది భయమే కాదన్నట్టుగా వచ్చింది. వెక్కి వెక్కి ఏడ్చాను. నాన్న చెయ్యి నా తలమీద పడింది, పొడీ రంగూ అంటిన చెయ్యే. నేను మందు రాసి ఒక పూట ఆగి ఉంటే ఆ ఎడమ కర్ర బతికి ఉండేదని మాస్టారు తర్వాత చెప్పారు, చెప్పాల్సినంత గట్టిగానే చెప్పారు. నాన్న మాత్రం ఆ మాట ఎత్తలేదు.

కాసేపయ్యాక ఆయన జేబులోంచి ఫోన్ తీశాడు. మా ఇంట్లో ఫోన్ రెండోసారి మోగే అవసరం ఎప్పుడూ ఉండదు, మొదటి మోతకే అమ్మ ఎత్తింది.

"నేనే" అన్నాడు నాన్న. "దిగాను."

అవతల అమ్మ గొంతు నాకు కూడా వినపడింది. "ఇవాళ మీకు పనే లేదు కదండీ, ఎక్కడెక్కారు?"

నాన్న ఆ రెండు కర్రలవైపూ ఒకసారి చూశాడు.

"రోజూ ఎక్కేదే. ఇప్పుడే దిగాను. పొయ్యి వెలిగించు, అమ్మాయీ నేనూ వస్తున్నాం."